బండి తెగి పడిందా, పడి తెగిందా? గూడ్సు దగ్గర ఎలా తేల్చుకోవాలి

గూడ్సు బండి రెండు ముక్కలై, నాలుగు వ్యాగన్లు పక్కకు ఒరిగి ఉన్న చోటికి ముందుగా ఎవరు చేరినా అడిగే మాట ఒకటే: "డ్రైవరు గట్టిగా లాగాడా?" ముప్ఫై ఏళ్ళు వ్యాగన్లు పరీక్షించే పని చేశాను. ఆ ప్రశ్నతో మొదలుపెట్టిన ప్రతిసారీ దారి తప్పాం. ముందు తేల్చాల్సింది వేరే ఉంది. బండి తెగాక చక్రాలు పట్టా దిగాయా, చక్రం పట్టా దిగాక బండి తెగిందా? చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. కారణాలు మాత్రం ఒకదానికొకటి సంబంధం లేనివి.

ఇది నాకు బుర్రకెక్కింది ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. ఒక బండి తెగి, వెనక సగంలోని మొదటి మూడు వ్యాగన్లు పాయింట్ల దగ్గర, అంటే బండి ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే చోట, పడిపోయాయి. అందరం ఆ తుక్కు చుట్టూ మూగాం. మా మేస్త్రీ మాత్రం దానికి వీపు పెట్టి, బండి వచ్చిన దారినే వెనక్కి నడిచాడు. "పడ్డచోట ఏముంటుందిరా ఇనుము తప్ప? రా, మొదలు చూద్దాం" అన్నాడు. రెండొందల అడుగులు వేశాక ఆగి వేలితో చూపించాడు. రెండు పట్టాల నడిమధ్యన, స్లీపర్ల మీద, తెల్లగా కొత్త గీతలు. ప్రతి స్లీపరు మీదా ఒకటి, అరచేయంత వెడల్పు. చక్రం దిగితే గీత పట్టా పక్కన పడుతుంది. నడిమధ్య గీసింది చక్రం కాదు, వ్యాగను మధ్యలోంచి వేలాడుతున్న వస్తువేదో. అది కప్లరు, వ్యాగనును వ్యాగనుకు కలిపే కొక్కెం. ముందు వ్యాగను కింద, కప్లరును లోపల పట్టి ఉంచే చట్రం (యోక్) పిన్నును మోసే పలక బోల్టులు ఎప్పుడో ఊడిపోయాయి. పిన్ను జారింది, కప్లరు తన గూట్లోంచి బయటికొచ్చి, వెనక వ్యాగను కప్లరును పట్టుకుని వేలాడింది. స్లీపర్లు గీసుకుంటూ పోయి, పాయింట్ల దగ్గర అడ్డం తగిలింది. దాని మీదికెక్కిన మొదటి చక్రం మిగతావాటిని వెంట తీసుకుపోయింది. బోల్టు కన్నాల్లో తుప్పు పొరలు పొరలుగా ఉంది. అంటే ఆ బోల్టులు ఆ రోజు ఊడినవి కావు. ఆ వ్యాగను పక్కగోడ మీద "చూశాను" అని పెట్టిన సుద్ద గుర్తు నాది.

అప్పటినుంచి పాటించిన పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. పరీక్షకులుగా కొత్తగా చేరిన పిల్లల కోసం, గార్డుల కోసం.

చేరగానే కొలతలు మొదలుపెట్టొద్దు. పక్క లైను మీద ఇంకో బండి వస్తోందా, దాన్ని ఆపే ఏర్పాటు అయిందా అన్నది ముందు. పైన కరెంటు తీగ ఉన్న చోటైతే అది తెగి వ్యాగన్ల మీద పడిందేమో దూరం నుంచే చూడండి. ట్యాంకర్లు ఉంటే గాలి ఎటు వీస్తోందో చూసుకుని, గాలి వచ్చే వైపు నిలబడండి. సరుకు కాగితాలు చదవకుండా దగ్గరికి పోవద్దు. ఆ తర్వాత, పట్టాల మీదే మిగిలిన వెనక సగాన్ని కదలకుండా కట్టడి చేయాలి. హ్యాండ్ బ్రేకులు, చక్రాల కింద ఆపుడు దిమ్మలు. "గాలి బ్రేకు పట్టేసింది కదా, ఎక్కడికి పోతుంది" అంటారు. గాలి కారిపోతుంది. 2013 జులై 6న కెనడాలోని లాక్ మెగాంటిక్‌లో 72 ట్యాంకర్ల ముడి చమురు బండి వాలు మీద నిలిపి ఉంది. ఏడు హ్యాండ్ బ్రేకులే వేశారు. అవి పట్టాయా అని పరీక్షించింది కూడా ఇంజను గాలి బ్రేకు వేసి ఉండగానే. ఇంజను ఆగి గాలి మెల్లగా కారాక బండి తనంతట తాను వాలు దిగి ఊళ్ళోకి దూసుకెళ్ళింది. 47 మంది పోయారు. హ్యాండ్ బ్రేకు పట్టిందో లేదో తేల్చాలంటే గాలి వదిలేసి చూడాలి, వేరే మార్గం లేదు.

ఇప్పుడు కప్లరు సంగతి. కుడిచేతి వేళ్ళు కొక్కెంలా వంచి, ఎడమచేతి వేళ్ళను అలాగే వంచి తగిలించి లాగండి. సరుకు బళ్ళ మీద చాలాచోట్ల ఉన్న నకిల్ కప్లరు అచ్చంగా ఇదే. 1873లో అమెరికాలో ఈలై జానీ పేటెంటు తీసుకున్న ఆలోచన ఇప్పటికీ మారలేదు. అంతకుముందు మనిషి రెండు పెట్టెల మధ్య నిలబడి లింకులో పిన్ను దింపాల్సి వచ్చేది, ఎందరి వేళ్ళు పోయాయో లెక్కలేదు. 1893లో చట్టం చేసి అక్కడ దాన్ని మాన్పించారు. కొక్కెం తగిలించి మర బిగించే కప్లింగులు వాడే దేశాలూ ఉన్నాయి. వాటి రోగాలు వేరు, ఇక్కడ వాటి జోలికి పోను.

నకిల్ అంటే ఆ వంగిన వేలు. ఒక పిన్ను మీద తలుపులా తిరుగుతుంది. రెండు కప్లర్లు గుద్దుకోగానే నకిల్ మూసుకుంటుంది, లోపల లాక్ అనే ఇనుప దిమ్మ సొంత బరువుతో కిందికి జారి దాన్ని మళ్ళీ తెరుచుకోనివ్వదు. స్ప్రింగు లేదు, మర లేదు, బరువొక్కటే. కాబట్టి లాక్ పూర్తిగా దిగకపోతే ఆ జోడు కలిసినట్టు కనిపిస్తుందే గానీ కలవలేదు. గుద్దినప్పుడు ఠంగుమన్న మోత విని "పడింది" అనుకుని పోతారు. మోత నకిల్‌ది. లాక్ దిగిందా లేదా అన్నది కప్లరు తల కింద వంగి, అక్కడున్న కన్నంలోంచి చూస్తేనే తెలుస్తుంది. వాన రోజు, చీకట్లో, బురదలో ఎవరూ వంగరు. బండ్లు తెగేదీ అలాంటి రాత్రి బయల్దేరినవే.

తెగిన చోట రెండు కప్లర్లనూ చూడండి, ఒకదాన్నే కాదు. నకిల్ రెండువైపులా చెక్కుచెదరకుండా ఉండి, ఒకటి తెరుచుకుని ఉందనుకోండి. అది విరగలేదు, విడిపోయింది. లాక్ సగమే దిగి ప్రయాణంలో అదురుకు పైకి జారిందా? అలా జారకుండా లోపల ఒక అడ్డు ఉంటుంది, అది అరిగిందా? విడదీసే పిడి వంగి దాని గొలుసు బిగుసుకుపోయి, వంపులో పెట్టె తిరిగినప్పుడు లాక్‌ను తానే పైకెత్తిందా? పిడి తన బ్రాకెట్లో పడుకుని ఉందా లేదా అన్నది ఎవరూ ముట్టుకోకముందే ఫొటో తీయాలి. ఎందుకంటే సహాయానికి వచ్చిన మొదటి మనిషి చేసే పని ఆ పిడిని సరిచేయడమే. మంచివాడే, కానీ మీ సాక్ష్యం పోయింది.

నకిళ్ళు రెండూ మూసుకునే ఉండి, అయినా బండి విడిపోయి ఉంటే ఎత్తు చూడాలి. లోడు వ్యాగను కిందికి కుంగుతుంది, ఖాళీది పైన ఉంటుంది. ఎత్తు తేడా బాగా ఉండి, పట్టా ఒకచోట కుంగి ఉంటే ఒక కప్లరు ఇంకోదాని మీదుగా పైకి జారిపోతుంది. నకిల్ ముఖం మీద పై అంచునో కింది అంచునో కొత్తగా మెరిసే రాపిడి దానికి గుర్తు.

నకిల్ విరిగి ఉంటే అసలు పని అక్కడే. నకిల్ విరగడం నేరమేమీ కాదు. గొలుసులో అది కావాలని పెట్టిన బలహీనమైన లంకె. దాదాపు 35 కిలోలకు పైబడ్డ బరువే కాబట్టి దారిలోనే మార్చుకోవచ్చు. అది విరక్కుండా లోపలి యోకు విరిగితే వ్యాగనును పక్కన పెట్టేయాల్సిందే. విరిగిన ముఖాన్ని టార్చి ఏటవాలుగా పట్టి చూడండి. కొత్తగా విరిగిన ఇనుము పంచదార పలుకుల్లా మెరుస్తుంది. పాత పగులు గోధుమ రంగులో, నల్లగా, జిడ్డు పట్టి ఉంటుంది. ఒక్కోసారి ఆ నల్లటి భాగంలో చెరువు నీరు తగ్గినప్పుడు గట్టున మిగిలే చారల్లాంటివి కనిపిస్తాయి. పగులు కొద్దికొద్దిగా జరుగుతూ వచ్చిన మెట్లవి. నల్లటి మేర గోరంత ఉందా, సగం ఉందా, ముప్పాతిక ఉందా? ముప్పాతిక నల్లగా ఉంటే డ్రైవరును అనేదేం లేదు, ఆ నకిల్ మామూలు లాగుడుకైనా పోయేదే. ముఖమంతా మెరుస్తుంటే అప్పుడు గుంజుడు ఎక్కణ్ణుంచి వచ్చిందో వెతకాలి.

గుంజుడు అంటే చాలామంది ఇంజను లాగడమే అనుకుంటారు. కాదు. బండిలో ప్రతి జోడు దగ్గరా కొంచెం ఆట, అంటే వదులు, ఉంటుంది. ఒక్కో చోట నాలుగు వేళ్ళంత, అంటే 8 సెంటీమీటర్లు అనుకున్నా 50 వ్యాగన్లకు 4 మీటర్లు. బండి నొక్కుకున్నప్పుడు ఆ నాలుగు మీటర్లు మూసుకుంటాయి, సాగినప్పుడు తెరుచుకుంటాయి. ఒక్కో వ్యాగనూ ముందుదాని వేగం అందుకోవడానికి గుంజుకుంటూ పోతుంది కాబట్టి ఆ కుదుపు వెనక్కి పోయేకొద్దీ పెరుగుతుంది. స్టేషన్లో గూడ్సు కదిలినప్పుడు టక్ టక్ టక్ మంటూ మోత ముందు నుంచి వెనక్కి పరుగెత్తడం వినే ఉంటారు, అదే. అందుకే మొదటి వ్యాగను వెనక తెగిన బండి కథ వేరు, నలభయ్యో వ్యాగను దగ్గర తెగిన బండి కథ వేరు. ఇంజను దగ్గర్లో తెగితే బరువు, ఎత్తు ఎక్కువై లాగుడు మీద అనుమానం. బాగా వెనక్కి తెగితే ఆట గుంజింది. మెల్లగా పోతున్నప్పుడు బ్రేకు వేసి, వెంటనే వదిలి, మళ్ళీ లాగితే ఇలా అవుతుంది. ముందు వ్యాగన్లలో బ్రేకు వదిలింది, తోక దగ్గర ఇంకా పట్టుకునే ఉంది, మధ్యలో ఎవరో ఒకరు చావాలి.

దీనికి గాలి తీరు అర్థం కావాలి. బ్రేకు పైపులో గాలి నిండుగా ఉన్నంతసేపు బ్రేకులు వదిలి ఉంటాయి. ఆ గాలి ఒత్తిడి చాలా దేశాల్లో 5 బార్లు, కొన్నిచోట్ల 6 దాటి. గాలి పోతే బ్రేకు పడుతుంది. బండి తెగితే పైపుల ముఖాలు విడిపోయి గాలి భుస్సుమని పోతుంది, రెండు సగాలూ ఆగుతాయి. 1872లో వెస్టింగ్‌హౌస్ కనిపెట్టిన ఈ తలకిందుల ఏర్పాటు లేకపోతే ఏమయ్యేదో 1889 జూన్ 12న ఐర్లండులోని ఆర్మా దగ్గర జరిగింది. అది ప్రయాణికుల బండి. ఎత్తు ఎక్కలేక ఆగితే, ముందు సగం పైకి తీసుకెళ్ళి మళ్ళీ వద్దామని మధ్యలో విడదీశారు. ఆ బండి బ్రేకు విడదీయగానే వదిలేసే రకం. వెనక పది పెట్టెలను చివరి చేతి బ్రేకు, చక్రాల కింద పెట్టిన రాళ్ళు మాత్రమే ఆపుతున్నాయి. ముందు సగం కదలబోతూ కొంచెం వెనక్కి తగిలింది. అంతే, పెట్టెలు వాలు దిగి, వెనక వస్తున్న బండిని గుద్దాయి. దాదాపు 80 మంది పోయారు. ప్రయాణికుల బళ్ళకు తనంతట తానే పడే బ్రేకు తప్పనిసరి అన్న చట్టం బ్రిటన్‌లో అదే ఏడు వచ్చింది.

ఆ ఏర్పాటునూ ఒక చిన్న కాక్ పాడుచేయగలదు. ప్రతి వ్యాగను చివరా పైపుకు ఒక యాంగిల్ కాక్, అంటే గాలిని మూసే కుళాయి, ఉంటుంది. మధ్యలో ఒకటి మూసి ఉంటే దాని వెనక ఉన్న వ్యాగన్లన్నిటికీ డ్రైవరు బ్రేకు చేరదు. అందుకే ప్రమాద స్థలంలో ప్రతి కాక్ ఏ స్థితిలో ఉందో, తాకకముందే, ఇంజను నుంచి తోక దాకా వరసగా రాసుకోండి. విసుగు పుట్టించే పనే. కానీ తెగిన బండిలో వెనక సగం ఆగకుండా వచ్చి ముందు సగాన్ని గుద్దిందంటే మొదట అడిగేది ఆ కాగితమే. పైపు ముఖాలనూ చూడండి. తెగినప్పుడు అవి మామూలుగా శుభ్రంగా ఊడొస్తాయి. రబ్బరు మెలిపడి చిరిగి, కప్లరు కాడ పక్కకు వంగి ఉంటే వ్యాగను ముందు పట్టా దిగి, ఆ తర్వాత తెగి ఉండొచ్చని అనుమానించాలి.

ఇక పట్టా దిగడం. చక్రాన్ని పట్టా మీద ఉంచేది రెండంగుళాలు కూడా లేని అంచు, దాని మీదున్న బరువు. పక్కకు తోసే బలం పెరిగినా, కిందికి నొక్కే బరువు తగ్గినా అంచు పట్టా ఎక్కుతుంది. ఆ రెంటి నిష్పత్తికి 1908 నుంచి నదాల్ సూత్రం వాడుతున్నారు, లెక్క ఇంజనీర్లకు వదిలేద్దాం. మనకు కావలసింది ఏమంటే, ఖాళీ వ్యాగనుకు నొక్కే బరువే తక్కువ. లోడు వ్యాగన్ల మధ్య ఇరుక్కున్న ఖాళీ వ్యాగనే ముందు పడేది. వంపులో బండిని గట్టిగా లాగితే, వంకరగా పెట్టిన దారాన్ని రెండు కొసలా గుంజినట్టు, మధ్య వ్యాగన్లు వంపు లోపలివైపుకు వస్తాయి. వెనక బరువు ముందుకు నెడితే బయటివైపుకు పోతాయి. కాబట్టి వంపులో ఏ వైపు పట్టా ఎక్కాయో చూస్తే బండి ఆ క్షణంలో సాగి ఉందో నొక్కుకుని ఉందో సగం తెలిసిపోతుంది.

ఇప్పుడు వెనక్కి నడవండి. బండి వచ్చిన దిక్కుకు, పట్టా పక్కనే, తల వంచుకుని. మొదటి దెబ్బ తిన్న స్లీపరు దొరుకుతుంది. అది చక్రం దిగిన చోటు. అక్కడ ఆగిపోవద్దు, ఇంకొంచెం వెనక్కి పట్టా తల మీద చూడండి. లోపలి అంచు నుంచి బయటి అంచుకు ఏటవాలుగా పోయే సన్నని గీత ఉంటే, అంచు పట్టా ఎక్కి, దాని నెత్తిన కొంతదూరం నడిచి, అవతల దిగింది. గీత మొదలైన చోటే ఎక్కిన చోటు, సుద్దతో సున్నా వేయాల్సింది అక్కడే. గీత పొడుగ్గా మెల్లగా పోతే చక్రం నింపాదిగా ఎక్కింది, అరుగుదలో పట్టా మెలికో కారణం. గీత జానెడే ఉన్నా, అసలే లేకపోయినా చక్రాన్ని ఏదో ఎగరేసింది. పట్టా లోపలివైపు చక్రం దిగి, గీత లేకుండా స్లీపరు బిగింపులు విరిగి ఉంటే పట్టాల మధ్య దూరమే పెరిగింది. ఇక నడిమధ్య గీతల సంగతి పైన చెప్పాను. పడిపోయిన బ్రేకు కడ్డీ కూడా అలాగే గీస్తుంది.

సున్నా దగ్గర నుంచి ఇంకా వెనక్కి ఒక అరకిలోమీటరన్నా నడవమంటాను. అక్కడ దొరికే బోల్టు, పిన్ను, రాలిన ఇనుప పెంకు అన్నిటికన్నా విలువైనవి. ఇరుసు చివర బేరింగు వేడెక్కి పోయిన కేసుల్లో ఆనవాళ్ళు ఇంకా ఎంతో వెనక మొదలవుతాయి. 2023 ఫిబ్రవరి 3న అమెరికాలోని ఈస్ట్ పాలస్టీన్‌లో 38 వ్యాగన్లు పట్టా తప్పింది అలాగే. పట్టా బాగుంది, కప్లరు బాగుంది, ఒక్క బేరింగు కాలిపోయి ఇరుసు విరిగింది.

తర్వాత ఇంజనులోని రికార్డరు. బ్రేకు పైపులో గాలి ఏ క్షణాన పడిపోయిందో అది చెబుతుంది. ఆ క్షణంలో తెగిన జోడు ఏ కిలోమీటరు దగ్గర ఉందో లెక్కేసి, మీ సుద్ద సున్నాతో పోల్చండి. గాలి పోయే అల సెకనుకు 250 మీటర్ల పైన పరుగెత్తుతుంది, అంటే వెనక్కి అరకిలోమీటరులో తెగితే ఇంజనుకు తెలియడానికి రెండు సెకన్లు పడుతుంది. రికార్డరు చూపిన సమయంలోంచి ఆ రెండు సెకన్లు తీసేయండి. సున్నా చేరకముందే గాలి పోతే ముందు తెగింది. దాటాక పోతే ముందు పడింది.

బయల్దేరే ముందు చేయాల్సింది కొంచెమే. మెల్లగా, మనిషి నడిచే వేగంతో జోడు కలపాలి. కలిపాక ఒకసారి లాగి చూడాలి. వంగి లాక్ చూడాలి. యోక్ పిన్ను పలక బోల్టులను చూపుతో కాదు, సుత్తితో అడగాలి: బిగువుగా ఉన్నది గణగణమంటుంది, వదులుది డబ్‌మంటుంది. తోక దగ్గర గేజి పెట్టి, డ్రైవరు బ్రేకు వేస్తే ముల్లు పడుతోందా, వదిలితే లేస్తోందా చూడాలి. సుద్ద గీత పెట్టడం ఇవన్నీ అయ్యాక.

విరిగిన ముక్కల గురించి ఒక మాట. చేతికి రాగానే రెండు ముక్కలనూ అతికించి "సరిపోయిందా" అని చూడాలనిపిస్తుంది. చేయొద్దు. ఆ రుద్దుడుకు పంచదార పలుకులూ పోతాయి, చెరువు గట్టు చారలూ పోతాయి. నీళ్ళతో కడగొద్దు, గుడ్డతో తుడవొద్దు. ఒక్కో ముక్కను విడిగా పొడి గోనెలో చుట్టి, వ్యాగను నంబరు, ఇంజను వైపు చివరో తోక వైపు చివరో, దొరికిన చోటు సున్నా నుంచి ఎన్ని మీటర్లో రాసి కట్టండి. తుప్పు గాలికే మొదలవుతుంది, కాబట్టి ఫొటో ఆ సాయంత్రమే తీయాలి, పొద్దున్నే కాదు.